అప్‌డేట్: ఐవీఎఫ్ ఇంజెక్షన్ల మధ్య ఎండోమెట్రియోసిస్ నొప్పి

నాకు ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉంది. దానికి వాడే హార్మోన్ మాత్ర డైనోజెస్ట్ ఆపి, ఐవీఎఫ్ (అండాలు బయటికి తీసి పిండాలు చేసే చికిత్స) ఇంజెక్షన్లు మొదలుపెట్టాక నొప్పి ఓర్చుకోలేకపోతున్నా, నొప్పి మాత్ర మెఫ్తాల్ వేసుకోవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. విజయవాడ నుంచి గుంటూరు కొత్తపేట వెళ్లి డాక్టరమ్మతో వివరంగా మాట్లాడి వచ్చాను.

డైనోజెస్ట్ అండం విడుదలను ఆపుతుంది కాబట్టి ఇప్పుడు కుదరదు. ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, ఈ జబ్బుకు మేత అదే. అందుకే లెట్రోజోల్ అనే మాత్ర కలిపారు. ఈస్ట్రోజెన్‌ను మరీ పైకి పోనివ్వదట. పిండాలను ఫ్రీజ్ చేసి, ఒళ్లు కుదుటపడ్డాక ట్రాన్స్‌ఫర్ (గర్భసంచిలో పెట్టడం) అన్నారు.

మెఫ్తాల్, ఐబుప్రోఫెన్ లాంటివి అండం విడుదలకూ, పిండం అంటుకోవడానికీ అడ్డుపడొచ్చని వద్దన్నారు. పారాసిటమాల్ 650 వేసుకోమని, రోజుకు నాలుగు దాటొద్దని చీటీ మీద గుండ్రంగా చుట్టి మరీ ఇచ్చారు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా, మొదలవుతుండగానే వేసుకోవాలట. నాకు నిజంగా తేడా తెలిసింది అక్కడే. వేడినీళ్ల సంచి ఇప్పుడు పర్వాలేదు, ట్రాన్స్‌ఫర్ తర్వాత పొట్ట మీద పెట్టొద్దన్నారు. విరేచనం సాఫీగా అవ్వని రోజు నొప్పి రెట్టింపు. బొప్పాయి తిందామంటే అత్తయ్య ఇంట్లోకే రానివ్వట్లేదు, ఇసబ్‌గోల్‌తో నెట్టుకొస్తున్నా.

చాక్లెట్ సిస్ట్ (ఈ జబ్బుతో అండాశయంలో వచ్చే పాత రక్తపు తిత్తి) తీయించుకోమన్నవాళ్లకు: ఆపరేషన్‌తో అండాల నిల్వ తగ్గే ప్రమాదం ఉంది, ఆ నిల్వను చూపే ఏఎంహెచ్ రక్తపరీక్షలో నాకు అసలే తక్కువ. అండాలు తీశాకే ఆ సంగతి.

పొట్ట బాగా ఉబ్బినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే రమ్మన్నారు. వచ్చే వారం ఎగ్ పికప్ (అండాలు తీయడం). మత్తు ఇస్తారు కాబట్టి దాని గురించి టెన్షన్ లేదు. ఆ రోజు తిరుగు ప్రయాణం బస్సులో నా వల్ల కాదు, కారు మాట్లాడమని మా ఆయనకు చెప్పాను.