స్విఫ్ట్‌లో (యాపిల్ ప్రోగ్రామింగ్ భాష) ఒక్క సరుకు ఇస్తే తీసుకుంటోంది, అరే (జాబితా) ఇస్తే ఎర్రర్ ఎందుకొస్తోంది?

ఎంవీపీ_కాలనీ:
అన్నలూ ఒక డౌటు. ఫిషింగ్ హార్బర్‌లో మా మావయ్య లెక్కల కోసం చిన్న ఐఫోన్ యాప్ రాస్తున్నా. సరుకు అని ఒక ప్రోటోకాల్ (ఒక టైప్‌లో ఏమేం ఉండాలో చెప్పే నియమాలు), అందులో కొలత అని అసోసియేటెడ్ టైప్ (ఒక్కో సరుకు తనకు తగ్గ టైప్‌తో నింపుకునే ఖాళీ) పెట్టా, ఎందుకంటే వంజరం కేజీల్లో, రొయ్యలు బాక్సుల్లో, పీతలేమో ఆయన లెక్కపెట్టి అమ్ముతారు. బిల్లు ఫంక్షన్ జెనరిక్, అంటే టీ అనే పేరు మీద రకరకాల టైప్‌లకి పనిచేస్తుంది, ఇక్కడ టీ అంటే ఏదో ఒక సరుకు. "ఎనీ సరుకు" (ఏ రకం సరుకైనా పట్టే టైప్) ఒక్కటి ఇస్తే బానే నడుస్తోంది, అదే ఫంక్షన్‌ని టీల అరే తీసుకునేలా మార్చి మూడూ కలిపి ఇస్తే మాత్రం "ఎనీ సరుకు" అనేది సరుకుకి కన్ఫార్మ్ అవ్వదంటోంది, అంటే ఆ నియమాలకి సరిపోదని. రాత్రి రెండింటి దాకా కూర్చున్నా, అర్థం కాలేదు.

గాజువాక_డెవ్:
తమ్ముడూ, ఎనీ అంటే మూతేసిన థర్మాకోల్ పెట్టె అనుకో. ఒక్క పెట్టె ఇస్తే కంపైలర్ మూత తీసి చూస్తుంది, లోపల వంజరం ఉంటే టీ అంటే వంజరం, అయిపోయింది. ఈ మూత తీసే పని 2022లో స్విఫ్ట్ 5.7తో వచ్చింది, అంతకుముందు అసోసియేటెడ్ టైప్ ఉన్న ప్రోటోకాల్‌ని వేరియబుల్ టైప్‌గా రాయనిచ్చేదే కాదు. మరి పది పెట్టెలిస్తే ఏ మూత తీసి దానికి టీ అని పేరు పెట్టాలి? పోనీ పెట్టెనే టీ అనుకుందామంటే దాని కొలత ఏంటి, కేజీనా బాక్సా? సమాధానం లేదు, అందుకే వద్దంటోంది. ఫంక్షన్‌ని [ఎనీ సరుకు] తీసుకునేలా రాసి, లోపల ఫర్ లూప్‌లో ఒక్కోదాన్నీ నీ పాత జెనరిక్ ఫంక్షన్‌కి ఇవ్వు, సరిపోతుంది.

సీతమ్మధార88:
లూప్ కరెక్టే గానీ, మూడే రకాలైతే ఈనమ్ (ఉండే రకాలన్నీ ముందే రాసేసే టైప్) వాడు గురూ. నేనూ ఒకప్పుడు ఇలాంటి వాటికి టైప్ ఎరేజర్ అని, అసలు టైప్‌ని లోపల దాచే ఎనీసరుకు లాంటి స్ట్రక్ట్ రాసి, ప్రోటోకాల్‌లో ఒక మెథడ్ పెరిగినప్పుడల్లా అందులోనూ ఇంకో క్లోజర్ (పేరులేని చిన్న ఫంక్షన్) రాసుకుంటూ విసిగిపోయా. ఈనమ్ అయితే రేపు ఎండుచేపలు కట్టల లెక్కన వచ్చినా, స్విచ్‌లో డీఫాల్ట్ పెట్టకపోతే ఎక్కడ మార్చాలో కంపైలరే చూపిస్తుంది.

ఎంవీపీ_కాలనీ:
పెట్టె మాటతో క్లియర్ అయింది అన్నా, లూప్ పెట్టా, బిల్లు వచ్చింది. కేజీల సరుకే విడిగా ఒక అరేలో కావాలంటే ఎనీ సరుకు<కేజీ> అని రాయొచ్చా?

గాజువాక_డెవ్:
రాయొచ్చు, కొలతని ప్రైమరీ అసోసియేటెడ్ టైప్ చెయ్యి, అంటే ప్రోటోకాల్ పేరు పక్కనే యాంగిల్ బ్రాకెట్లలో రాయి, అదీ 5.7లోనే వచ్చింది. కానీ అలాంటి అరేకి రన్‌టైమ్ (యాప్ ఫోన్లో నడిచేటప్పటి) సపోర్టు ఐఓఎస్ 16 నుంచే ఉంది. మావయ్యది ఏ ఫోను?

ఎంవీపీ_కాలనీ:
ఐఫోన్ 7 అన్నా, ఐఓఎస్ 15 దగ్గరే ఆగిపోయింది. ఈనమ్‌కే మారుస్తా.