ఊరు పోగొట్టుకున్న రచయిత జ్ఞాపకంలో తప్పుంటే దిద్దాలా, వదిలేయాలా?

పెన్నాగట్టు: పెన్నా మీది సోమశిల ప్రాజెక్టు ముంపు ఊళ్ల జ్ఞాపకాలు రాసేవాళ్లకి ఈ పేచీ తప్పదు. అచ్చయ్యాక తప్పు బయటపడితే ఏం చేయాలి? మలి ముద్రణలో దిద్దాలంటాను. రష్యన్ రచయిత నబొకోవ్ చేసింది అదే. 1919లో సెవస్తొపోల్‌లో ఓడెక్కినాయన మళ్లీ రష్యాలో అడుగు పెట్టలేదు. తన బాల్యం మీద 1951లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు, 1954లో రష్యన్‌లో తిరగరాశాడు, 1960ల్లో మళ్లీ ఇంగ్లీషు ప్రతి పట్టుకుని దిద్దాడు. చిన్నప్పుడు ఫ్రాన్సులోని బియారిట్జ్‌కి చేసిన ప్రయాణంలో చెల్లెళ్లను ఇంటి దగ్గరే వదిలేసి వెళ్లినట్టు రాస్తే ఇద్దరూ మేమూ వచ్చామని మీద పడ్డారు. ఒప్పుకుని మార్చాడు.

కనిగిరి సెంటర్: అట్టా మారిస్తే అది రికార్డు అవుద్ది గానీ జ్ఞాపకం ఎట్టవుద్దన్నా? చెల్లెళ్లు పక్కనే ఉన్నా ఆ పిల్లోడి కంటికి ఆనలేదు, అదీ ఒక నిజమే కదా. పేజీ కింద చిన్న గమనిక చాలు. ఆయనదే ఇంకోటి ఉంది. ఒక ఘట్టంలో ఏదో వస్తువు కావాలని కళ్లజోడు పెట్టేశాడు. ప్రూఫులు దిద్దిన ప్రతిసారీ అది గుచ్చుకునేది. పట్టుబట్టి తలుచుకుంటే చివరికి ఆల్చిప్ప ఆకారపు సిగరెట్ పెట్టె తేలింది. అది లోపల్నించి వచ్చిన దిద్దుబాటు. చెల్లెళ్లు తెచ్చి అంటించింది వేరు.

మూలాపేట ఎడిటర్: అసలు అది తప్పేనా అన్నది ముందు తేల్చండి. '1965లో నెల్లూరు జిల్లా కనిగిరి' అని కనబడగానే ప్రూఫ్‌రీడర్ ప్రకాశం అని కొట్టేస్తాడు. ప్రకాశం పుట్టిందే 1970 ఫిబ్రవరిలో, అంతవరకూ కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి నెల్లూరువే. ఇల్లు 40 అంకణాలంటే మన నెల్లూరు లెక్కన, అంకణానికి 72 చొప్పున, 2,880 చదరపు అడుగులు. తిరుపతి వాళ్లు అంకణానికి 36 అడుగులే కట్టి సగానికి సగం తగ్గిస్తారు. 'పెద్ద గాలివాన' 1984దా, 1989లో కావలి దగ్గర తీరం దాటిందా? ఆ ఏడు పిల్లాడు ఏ తరగతో చూస్తే తేలిపోద్ది. నబొకోవ్ పుట్టినరోజూ ఇట్టాంటిదే. రష్యా పాత పంచాంగంలో 1899 ఏప్రిల్ 10. ఆ శతాబ్దంలో ఇప్పటి క్యాలెండర్‌కీ దానికీ తేడా 12 రోజులు, కాబట్టి 22. 1900 దాటాక తేడా 13కి పెరిగి పండగ 23కి జరిగింది. ఏది తప్పంటారు?

ఇంకోటి. తోబుట్టువుల్ని విడివిడిగా అడగండి, రాసిన పేజీ ముందే చేతికివ్వొద్దు. అది చదివినోళ్లకి ఆ తర్వాత గుర్తొచ్చేది పుస్తకమే. చెరువు, బాట, చేను ఎటున్నాయో పాత రెవెన్యూ గ్రామపటం చెప్తుంది. దూరాలు మాత్రం పటం మీద కొలవాల్సిందే. పిల్లకాళ్లకి ఫర్లాంగు మైలవుతుంది.

పెన్నాగట్టు: ఇదంతా సరే. నాకు మింగుడుపడందల్లా ఒకటే, ఆధారం దొరక్క దిద్దలేకపోయిన భాగాల్ని నబొకోవ్ తీసేశాడు.

కనిగిరి సెంటర్: చూశారా! ముంపు ఊళ్లకి ఆ సూత్రం పెడితే ఇంకేమన్నా మిగుల్తుందా? నీళ్ల అడుగునున్న బావికి సాక్ష్యం యాణ్ణించి తెస్తారు?

మూలాపేట ఎడిటర్: తీసేయమని నేనన్లేదే. కొలత, తేదీ, ఊరి పేరు పాఠంలోనే దిద్దండి. వాసన, రంగు, భయం జోలికి పోవద్దు.

కనిగిరి సెంటర్: మరి చెల్లెళ్లు ఏ లెక్కలోకి వస్తారు సార్, తేదీలోకా, భయంలోకా?