బీపీ స్క్రీనింగ్ వంద శాతం, రెండో నెల మందులకి మాత్రం రారు

ప్రశ్న: మా సబ్‌సెంటర్‌లో 30 ఏళ్లు దాటినవాళ్ల బీపీ స్క్రీనింగ్ దాదాపు అయిపోయింది. మందు మొదలుపెట్టినవాళ్లే మళ్లీ రావట్లేదు. ఎక్కడ సరిచేయాలండీ?

జవాబు: ముందు లెక్క మార్చండి. ఎంతమందికి చూశారని కాదు, ఈ మూడు నెలల్లో బీపీ 140/90 కంటే ఎందరికి తగ్గిందని అడగాలి. 2017లో మొదలైన ఐహెచ్‌సీఐ (దేశంలో బీపీ అదుపు కోసం పెట్టిన కార్యక్రమం) పద్ధతి అదే, తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి.

జవాబు: పది రోజుల మాత్రలకి కూలి మానుకుని ఎవరొస్తారండీ? 30 రోజులవి ఊళ్లోనే ఇవ్వండి. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 ఎంజీ చాలకపోతే డాక్టరు ఇంకో బీపీ మాత్ర టెల్మిసార్టన్ 40 ఎంజీ కలుపుతారు. రెండూ స్టాకులో ఉండాలి మరి!

జవాబు: కఫ్ (బీపీ కొలిచేటప్పుడు చేతికి చుట్టే పట్టీ) కూడా చూసుకోండి. లావు చేతికి చిన్నది చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి రెండుసార్లు కొలవండి. మందులకి రావాల్సిన తేదీ దాటినవాళ్ల పేర్లు వారం వారం ఆశా వర్కర్‌ చేతికివ్వండి.