"నిర్వక్రమై"నా, "నిర్విక్రమై"నా? మెడ్లీ మలుపు దగ్గర ఆగిన పోతన పద్యం

ఆదోని తమ్ముడు: పెద్దలకు నమస్కారం. పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 3న జరిగిన మహిళల 200 మీటర్ల మెడ్లీ (ఒక్కరే నాలుగు రకాల ఈతలు వరసగా ఈదే పోటీ) ఫైనల్ మీద తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను. రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి గజేంద్రమోక్షంలోని మొసలి పద్యం నాలుక మీదికొచ్చి ఆగిపోయింది. "పాదద్వంద్వము నేల మోపి పవనుం బంధించి" అని మొదలు. "యోగీంద్రు మర్యాదన్ నక్రము విక్రమించె" దాకా తప్పు పోవడం లేదు. ఆఖరి మాట దగ్గరే చిక్కు. "కరిపాదాక్రాంత నిర్వక్రమై"నా, "నిర్విక్రమై"నా? పాదాలు రెండూ గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒంట్లో వంకర లేకుండా దూసుకుపోవడం చెప్పాలి. నిర్వక్రం అయితేనే నా వాక్యానికి అతుకుతుంది.

ప్రొద్దుటూరు మాస్టారు: నిర్వక్రమే. అదే పాదంలో "విక్రమించె" అని చెప్పి వెంటనే "నిర్విక్రమై" అంటే, పరాక్రమం లేనిదై పరాక్రమించింది అన్నట్టు అవుతుంది. పోతన అట్ల రాయడు. ఇంకొక మాట. అక్కడ "మర్యాద" అంటే గౌరవం కాదు, తీరు. యోగీంద్రుని తీరున మొసలి విజృంభించింది అని. నీ పేజీలో గౌరవం అని రాసేవు, జాగ్రత్త.

తాడిపత్రి: మాస్టారూ, మీరు అర్థంతో తేల్చారు గానీ ఛందస్సుతో ఇది తేలదు. శార్దూలం కదా, పాదం చివర గురువు, గురువు, లఘువు, గురువు పడాలి. ని-ర్వ-క్ర-మై సరిపోతుంది. ని-ర్వి-క్ర-మై కూడా సరిపోతుంది. వ అయినా వి అయినా వెనకాల "క్ర" ఉంది కాబట్టి గురువైపోతుంది. యతి, ప్రాస రెండూ ఆ అక్షరం జోలికే రావు. అందుకే రెండో పాఠం నోళ్లలో నిలబడింది. చెవికి ఎక్కడా తట్టదు.

ప్రొద్దుటూరు మాస్టారు: యతి మాట ఎత్తినావు కాబట్టి చెప్తున్నా. నాలుగో పాదం "మర్యాద"లోని "ర్యా"తో మొదలు, పదమూడో అక్షరం "దా". యకారానికి దకారంతో మైత్రి యాడిది? "పాద + ఆక్రాంత" అని విడదీస్తే సంధిలో కలిసిపోయిన "ఆ" దొరుకుతుంది. య, ఆ రెంటికీ మైత్రి. ఆ అచ్చును పట్టుకోలేనివాళ్లు పోతనకు యతి తప్పిందంటారు. అట్లనే రెండో పాదంలో "మాఱాకు" బండి ఱతో రాయండి. ఈ గుంపులో కూడా మామూలు ర రాసేస్తున్నారు.

కర్నూలు అక్క: పద్యం బాగుంది, తమ్ముడూ, ఆ మలుపుకు మాత్రం పెట్టొద్దు. మొసలి "నేల మోపి" నిలబడింది. మెడ్లీలో కొలను అడుగున కాళ్లు ఆనించి నిలబడితే తప్పుపట్టనిది చివరి ఫ్రీస్టైల్ భాగంలో మాత్రమే. అక్కడ కూడా నడవకూడదు. రెండో మలుపు బ్యాక్‌స్ట్రోక్ (వీపు మీద ఈత) ముగిసి బ్రెస్ట్‌స్ట్రోక్ (బోర్లా ఈదే కప్ప ఈత) మొదలయ్యే చోటు. ఆ రోజు పతకం మారింది కూడా అక్కడే. కెనడాకు చెందిన సమ్మర్ మెకింటాష్ 2 నిమిషాల 06.56 సెకండ్లతో ఒలింపిక్ రికార్డు పెట్టి గెలిచింది. కేట్ డగ్లస్ 2:06.92తో రెండో స్థానం. మూడోదిగా గోడ తాకిన అలెక్స్ వాల్ష్‌ను డిస్‌క్వాలిఫై చేసినారు. బ్యాక్‌స్ట్రోక్‌ను వెల్లకిల ఉండగా ముగించలేదని. దాంతో నాలుగోదిగా వచ్చిన ఆస్ట్రేలియా అమ్మాయి కేలీ మెకియోన్‌కు 2:08.08తో కాంస్యం దక్కింది. నీ పేజీకి ప్రాణం "వెల్లకిల" అనే మాటలో ఉంది. దాన్ని సరిగా రాయి ముందు.

ఆదోని తమ్ముడు: అక్కా, ఆ మాట కూడా అనుమానమే. వెల్లకిలనా, వెలికిలనా? మా వైపు "ఎల్లకిల" అంటారు.

తాడిపత్రి: చచ్చిన చేప తెల్లని పొట్ట పైకి వేసుకుని తేలుతుంది. వెల్ల అంటే తెలుపు. నా లెక్కన అది వెల్లకిల. లకారం ఒత్తాల్సిందే.

ప్రొద్దుటూరు మాస్టారు: అయితే "బోరగిల"కు ఏం చెప్తావు, "ఒత్తిగిల"కు ఏం చెప్తావు? మూడింటికీ చివర కిల, గిల ఉంది. అది ఒళ్లు పడుకునే తీరును చెప్పే ముక్క. వీపు కిందైతే వెల్లకిల, పొట్ట కిందైతే బోరగిల, పక్కకు వాలితే ఒత్తిగిల. చేప పొట్టతో మొదలుపెడితే మిగతా రెండింటికి దారి దొరకదు. ముందు కిల ఏమిటో తేల్చు, వెల్ల తర్వాత చూద్దాం.

అనంతపురం కోచ్: మాస్టారు చెప్పిన మూడు మాటలూ ఆ మలుపులో వరసగా వస్తాయి. ఎట్లంటే, నిబంధన ప్రకారం బ్యాక్‌స్ట్రోక్‌లో ఒళ్లు పక్కకు దొర్లవచ్చు, కానీ 90 డిగ్రీల లోపే. 90 కూడా కాకూడదు. తల ఎటున్నా పట్టింపు లేదు. మామూలు బ్యాక్‌స్ట్రోక్ పోటీలో మలుపు దగ్గర బోర్లా తిరిగి, ఆగకుండా ఒక్క బార (చేతి ఊపు) లాగి పల్టీ కొట్టే వెసులుబాటు ఉంది. మెడ్లీలో ఈ మలుపుకు అది లేదు. ఏ ఈతను ఆ ఈత నియమంతోనే ముగించాలి కాబట్టి ఆ గోడ బ్యాక్‌స్ట్రోక్‌కు గమ్యం కింద లెక్క. గోడ తాకేదాకా వెల్లకిల, గోడ వదిలేసరికి బోరగిల. 200 మీటర్లలో ఒక్కో ఈతకు 50 మీటర్లే. 50 మీటర్ల కొలనులో మూడు మలుపులూ ఈత మారే మలుపులే. 400లో ఏడు మలుపులుంటే మారేవి మూడు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే క్రాసోవర్ టర్న్‌లో. గోడకు 5 మీటర్ల ముందు పైన జెండాలుంటాయి. అక్కడి నుంచి ఎన్ని బారలకు గోడ వస్తుందో లెక్క ముందే ఖాయం చేసుకుని ఉండాలి. చివరి బారలో చాచిన చెయ్యిని అవతలి పక్కకు దాటించి, నీటి మట్టానికి కింద అరచేత్తో గోడ తాకాలి. ఆ వేళకు ఒళ్లు బాగా ఒత్తిగిలి ఉంటుంది, 90కి కొంచెం ఇవతల. తాకిన వెంటనే మోకాళ్లు ముడిచి ముందుకు పల్టీ, పాదాలు గోడకు, ఛాతీ కిందికి. లెక్క ఒక అర బార తప్పితే గోడ అందక ఈతగత్తె ఇంకాస్త సాగుతుంది. సాగితే పై భుజం 90 దాటుతుంది. ఇంకొక తప్పు, తాకకముందే పల్టీ మొదలుపెట్టడం. గోడ కోసం చూపు తిప్పినా తప్పు కాదు గానీ తల వెంట భుజం పోతుంది, చిక్కు అక్కడ. నేర్చుకునేవాళ్లకు అందుకే ముందు ఓపెన్ టర్న్ చెప్తారు. వీపు మీదే ఉండి తాకి, మోకాళ్లు లాక్కుని, నోరు పైకి వచ్చినప్పుడు ఒక గుక్క గాలి తీసుకుని తోసుకోవడం. నిదానమే, కానీ డిస్‌క్వాలిఫై అయ్యే భయం తక్కువ.

ఇంగ తమ్ముడి పద్యానికి వస్తే, "పవనుం బంధించి" మాత్రం క్రాసోవర్‌కు సరిగ్గా సరిపోతుంది. అందులో మలుపు దగ్గర గాలి దొరకదు. చివరి బారకు ముందు పీల్చిందే. పల్టీ అయినాక నీటి కిందే తొడల దాకా ఒక నిండు బార, ఒక డాల్ఫిన్ తన్ను (రెండు కాళ్లూ కలిపి కొట్టేది), ఒక కప్ప తన్ను. అప్పటిదాకా ఆ ఊపిరే ఆధారం.

కర్నూలు అక్క: అన్నా, నిండుగా చెప్పినారు. ఇంత చెప్పినాక "మిశ్రమ ఈత" అనే అనువాదం ఎంత తప్పో చూడండి. పత్రికల్లో మెడ్లీకి ఆ మాట వేస్తుంటారు. మిశ్రమం అంటే కలిసిపోయినది. ఒక ఈత ఇంకొక ఈతలో కలిసిందనే కదా వాల్ష్‌ను తీసేసింది! ఇది రాగమాలిక లాంటిది. ఒక రాగం ముగిశాకే రెండోది, వరస కూడా మారదు: బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్. "ఈతమాలిక" అని రాస్తే నా మనసు నిండుతుంది.

తాడిపత్రి: కదంబం అనొచ్చు కదక్కా.

కర్నూలు అక్క: కదంబంలో మరువం ముందొచ్చినా కనకాంబరం ముందొచ్చినా దండ దండే. ఇక్కడ వరస తప్పితే పోటీయే పోతుంది. నలుగురు ఈదే మెడ్లీ రిలేకు వరస వేరే. అక్కడ బ్యాక్‌స్ట్రోక్ మొదట పెట్టినారు, ఎందుకంటే అది నీళ్లలో నుంచే మొదలవుతుంది. నడుమ పెడితే ఎదురొచ్చే మనిషికి అడ్డం. "స్వేచ్ఛ ఈత" అనే మాట కూడా మెడ్లీలో చెల్లదు. ముందు ఈదిన మూడింటిలో ఏదీ అక్కడ ఈదకూడదు. మూడు తీసేసినాక మిగిలిందానికి స్వేచ్ఛ అని పేరెట్ల పెడతాం?

ఒంటిమిట్ట: ఇంతసేపూ పోతన పద్యం నడుస్తుంటే ఆయన మా ఊరివాడని ఒక్కరూ అనలేదు. ఏకశిలానగరం అంటే ఒంటిమిట్టే. కోదండరాముని గుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉన్నారు. భాగవతాన్ని రామునికే అంకితం ఇచ్చిన కవికి ఇంకే ఊరు కావాలి?

ప్రొద్దుటూరు మాస్టారు: నాయనా, నాకూ కడప జిల్లా మీద నీకున్నంత ప్రేమ ఉంది. కానీ ఏకశిలానగరం అనే పేరు ఓరుగల్లుకూ ఉంది. బమ్మెర అనే ఊరు కూడా అటువైపే. ఇంటిపేరును పక్కకు నెట్టి శిల ఒక్కదానితో వాదం గెలవలేం.

ఒంటిమిట్ట: ఇంటిపేరు తాతల ఊరు చెప్తుంది మాస్టారూ. కావ్యం రాసిన ఊరు చెప్పదు.

ఆదోని తమ్ముడు: అన్నలూ, నా నిర్వక్రం ఏమైంది?

తాడిపత్రి: పాఠం నిర్వక్రమే అనుకుందాం, తమ్ముడూ. "నక్ర, విక్ర, క్రాంత, నిర్వక్ర" అని నాలుగుసార్లు మొసలి దవడలు పడినట్టు "క్ర" పడుతుంది, అది చూసి నేను కూడా మెత్తబడినాను. ఇప్పుడు అర్థం దగ్గర నాకు మాస్టారితో పేచీ. వక్రం లేనిది అంటే ఒళ్లు నిటారుగా ఉందనా, పట్టు సడలలేదనా? ఏనుగు కాలు పట్టుకుని లాగే మొసలి ఒళ్లు నిటారుగా యాడుంటుంది? అది పట్టుదల గురించే. అట్లయితే నీ వాక్యంలో బాణంలా దూసుకుపోవడానికి ఆ మాట పనికిరాదు.

ప్రొద్దుటూరు మాస్టారు: యోగితో పోల్చినాడని మరవొద్దు. యోగి వెన్ను నిటారుగా ఉంచే కూర్చుంటాడు. ఒంటి నిటారు, మనసు నిటారు రెండూ ఆ మాటలోనే ఉన్నాయి.

ఒంటిమిట్ట: కడప బ్రౌన్ గ్రంథాలయానికి పోయినప్పుడు టీకా ఉన్న పాత ప్రతి అడిగి చూస్తాను. వెల్లకిల సంగతి కూడా అక్కడే బ్రౌన్ నిఘంటువులో చూసి పెడతాను.

అనంతపురం కోచ్: చూసేటప్పుడు ఇంకొకటి కూడా చూడు తమ్ముడూ. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో నీటి కింది బార అయిపోయినాక రెండో బారలో చేతులు బాగా విచ్చుకుని లోపలికి తిరిగేలోపు తల నీటి పైకి రావాలి. "విచ్చుకోవడం" అంటే పిల్లలు వేళ్లు విడదీస్తున్నారు. చేతులు ఎడంగా పోయి, ఇంక లోపలికి తిరగబోయే ఆ చోటుకు మన పక్క ఒక్క మాట ఏదైనా ఉందా?