కారు రిమోట్ కీ పోయింది, స్పేర్ ఒకటే ఉంది. కడప దగ్గర తక్కువలో చేయించుకోవాలంటే ఎట్ల?

ఏడురోడ్లు_కడప:
అన్నలూ ఒక సాయం కావాల. ఒంటిమిట్ట కళ్యాణానికి పోయినాం, ఆ జనంలో కారు రిమోట్ కీ యాడనో పడిపోయినాది, గుడి చుట్టూ వెతికినాం, డ్యూటీలో ఉన్న పోలీసాయనకి కూడా చెప్పి వచ్చినాం, దొరకలే. మా బామ్మర్ది ఆ రాత్రే కడప నుంచి బైక్ మీద స్పేర్ కీ తెచ్చినాడు కాబట్టి బండి ఇల్లు చేరింది. ఆ స్పేర్‌కి బటన్లు లేవు, నల్ల ప్లాస్టిక్ తల ఉండే మామూలు కీ, కానీ దాంతో ఇంజన్ బాగానే స్టార్ట్ అవుతాది. 2018 మోడల్ పెట్రోల్, పుష్ బటన్ కాదు, కీ తిప్పేదే. సర్వీస్ సెంటర్‌లో అడిగితే లాక్ సెట్ మొత్తం మార్చాల, 13 వేల పైన అయితాది, పార్ట్ రావడానికి టైం పడతాది అంటాండారు. ఒక కీ పోతే బీగాలన్నీ ఎందుకు మార్చాలో నాకు అర్థం కాలే. బయట చేయిస్తే పర్వాలేదా? అమ్మని డయాలసిస్‌కి తిప్పుతాండా, ఈ ఒక్క కీ కూడా పోతే ఏం చేయాలని అదే దిగులు.

బురుజుసెంటర్_కర్నూలు:
తమ్ముడూ స్పేర్‌తో స్టార్ట్ అవుతాంది అంటే సగం గండం గడిచినట్టే. నేను కర్నూల్లో కారు ఎలక్ట్రికల్ పనే చేస్తా కాబట్టి వివరంగా చెప్తా. నీ పాత కీలో మూడు వస్తువులు ఉన్నాయి, ఇనప బ్లేడు, చిప్, బటన్ల బోర్డు. దేని పని దానిదే. బ్లేడు బీగం తిప్పుతాది. చిప్ అనేది కీ తలలో బియ్యపు గింజంత ఉంటాది, దానికి బ్యాటరీ అక్కర్లే, కీ పెట్టి తిప్పే చోటు, అంటే ఇగ్నిషన్ చుట్టూ ఉండే కాయిల్ నుంచే కరెంటు తీసుకొని కోడ్ పంపిస్తాది, ఆ కోడ్ బండి గుర్తుపడితేనే ఇంజన్ నడుస్తాది. బటన్ల బోర్డు లాక్, అన్‌లాక్ కోసం మాత్రమే. నీ స్పేర్‌లో చిప్ ఉంది, లేదంటే ఇంజన్ స్టార్ట్ అవ్వదు, లేకుంటే స్టార్ట్ అయ్యి వెంటనే ఆగిపోతాది.

కాబట్టి నీకు బీగాలు మార్చే పనే లేదు, కొత్త కీ కోసి చిప్‌ని బండికి నేర్పిస్తే చాలు. అర్జెంటుగా కావాల్సింది రెండో చిప్ కీ, రిమోట్ కాదు. మా దగ్గర బటన్లు లేని చిప్ కీ కోత, ప్రోగ్రామింగ్ కలిపి 2 వేల అటు ఇటు, మడిచే రిమోట్ కీ అయితే 3 వేల నుంచి 4,500 దాకా అయితాది, మోడల్‌ని బట్టి మారుతాది. డబ్బులు ఇబ్బందైతే ముందు చిప్ కీ చేయించుకో, డ్రైవర్ డోర్‌లో కీ తిప్పితే మిగతా డోర్లు కూడా లాక్ అయ్యే బండ్లే ఎక్కువ, అంతవరకు దాంతో నెట్టుకురావచ్చు. ఆలస్యం మాత్రం చేయొద్దు, రెండు కీలూ పోతే కొత్త కీ నేర్పించడానికి బండి పిన్ కోడ్ తెప్పించాల, కొన్ని బండ్లకి ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ దాకా పోవాల, అప్పుడు ఖర్చు ఎక్కడికో పోతాది.

పెన్నాగట్టు_తాడిపత్రి:
ఆన్‌లైన్‌లో 300, 400కి రిమోట్ కీ అని కనపడేవి చాలా వరకు ఖాళీ షెల్లులే, లోపల బోర్డూ ఉండదు చిప్పూ ఉండదు, ఫోటో చూసి మోసపోవద్దు. బోర్డు ఉన్నది కొన్నా ఫ్రీక్వెన్సీ చూడాల, మన బండ్లకి ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్, బయటి దేశాల 315 రిమోట్ పైకి అచ్చం అట్లనే ఉన్నా మన బండికి పలకదు. సెకండ్ హ్యాండ్ రిమోట్ కూడా తీసుకోవద్దు, చాలా చిప్పులు మొదటి బండికే లాక్ అయిపోతాయి. ముందు ఇన్సూరెన్స్ పేపర్ తీసి చూడు, కీ రీప్లేస్‌మెంట్ యాడ్ ఆన్, అంటే పోయిన కీ కోసం పాలసీ మీద అదనంగా తీసుకునేది, కట్టి ఉంటే క్లెయిమ్ వస్తాది, మామూలు పాలసీలో ఇది రాదు. క్లెయిమ్‌కి పోలీస్ కంప్లైంట్ కాపీ అడుగుతారు, నోటితో చెప్పి వచ్చింది సరిపోదు, రాసి ఇచ్చి రసీదు తీసుకో.

ఏడురోడ్లు_కడప:
థాంక్స్ అన్నా, పాలసీ చూసినా, ఆ యాడ్ ఆన్ లేదు. బీరువాలో కొన్నప్పుడు ఇచ్చిన చిన్న రేకు బిళ్ళ దొరికింది, దానిమీద ఏందో నంబర్ ఉంది, పనికొస్తాదా? ఇంకోటి, పోయిన కీ ఎవరికన్నా దొరికితే బండి ఎత్తుకపోతారా? కీ చైన్‌కి ఇంటి అడ్రస్ లేదు గానీ బండి నంబర్ ఉంది.

బురుజుసెంటర్_కర్నూలు:
ఆ బిళ్ళ బంగారంగా దాచుకో, అది కీ నంబర్, దాన్ని బట్టి బ్లేడు కొత్తదాని మాదిరే కోయొచ్చు, అరిగిన స్పేర్‌ని చూసి కోస్తే ఆ అరుగుదల కూడా వచ్చేస్తాది. నంబర్ ఫోటో మాత్రం ఎవరికీ వాట్సాప్ చేయొద్దు, ఇక్కడ కూడా పెట్టొద్దు.

పోయిన కీ సంగతి. ప్రోగ్రామింగ్ చేసేటప్పుడు స్పేర్ కూడా తీసుకపో, పాత కీలు డిలీట్ చేయమని నోరు తెరిచి అడుగు, చాలామంది అడగకుంటే చేయరు. హ్యుందాయ్, కియా లాంటి బండ్లలో నేర్పించేటప్పుడు అక్కడ పెట్టిన కీలే మెమరీలో ఉంటాయి, 4 దాకా పెట్టొచ్చు, లేనిది దానంతట అదే పోతాది. పాత రిమోట్ కోడ్ కూడా తీసేశారో లేదో అడుగు. అప్పుడు ఆ కీతో ఇంజన్ నడవదు, కానీ బ్లేడు డోర్‌ని తెరుస్తాది, అది మాత్రం నిజం. కార్లో ఆర్సీ, డబ్బులు, అమ్మ రిపోర్టులు పెట్టొద్దు. మరీ భయమైతే డ్రైవర్ డోర్ బీగం సిలిండర్ ఒక్కటే మార్చుకోవచ్చు, అప్పుడు డోర్‌కి ఒక కీ, ఇగ్నిషన్‌కి ఒక కీ అయితాది.

సీమబండి_అనంతపురం:
ఇంకొక్క మాట. ఎవరైనా ఇమ్మొబిలైజర్, అంటే చిప్ కోడ్ సరిపోతేనే ఇంజన్‌ని నడవనిచ్చేది, తీసేస్తా, చిప్ లేకుండా నడుస్తాది, తక్కువలో అయిపోతాది అంటే ఒప్పుకోవద్దు, బండికి ఉన్న దొంగతనం కాపలానే పోతాది. ఆర్సీ, ఆధార్ అడగకుండా కీ చేసిచ్చేవాడి దగ్గరికి కూడా పోవద్దు, నీకు అడగలేదంటే రేపు ఇంకొకడికీ అడగడు. పని నీ కళ్ళ ముందరే చేయించు, స్పేర్ వదిలేసి రేపు రా అంటే ఇవ్వొద్దు. చేసినాక ఒక్కో కీతో ఇంజన్ స్టార్ట్ చేసి నిమిషం పాటు నడిపించి, డోర్లు, డిక్కీ, రిమోట్ అన్నీ చూసుకున్నాకే డబ్బులు ఇయ్యి.

ఏడురోడ్లు_కడప:
సరే అన్నా, పొద్దున స్టేషన్‌లో కంప్లైంట్ రాసిచ్చి ఆర్సీ, ఆధార్, బిళ్ళ, స్పేర్ అన్నీ తీసుకొని పోతా. ముందు చిప్ కీ చేయిస్తా, రిమోట్ వచ్చే నెల చూసుకుంటా. ఎంత అయ్యిందో ఇక్కడే రాస్తా, కడపోళ్ళకి ఎవరికన్నా పనికొస్తాది.