వారంటీ దాటిన మూడు వేల మైళ్ళకే గేర్‌బాక్స్ పోయింది, ఏం చేయాలి?

ఉదయగిరి (ఇప్పుడు డల్లాస్):
అన్నలకు, అక్కలకు నమస్కారం. నేనొచ్చి ఎనిమిది నెలలు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, 63 వేల మైళ్ళు తిరిగింది. నిన్న హైవే మీద గేరు పడక ఆగిపోయింది. ట్రాన్స్‌మిషన్ మార్చాలి, 5,400 డాలర్లంటున్నారు. 60 వేల మైళ్ళకే వారంటీ అయిపోయిందట. నాన్న టెన్షన్ పడతాడని ఇంటికి చెప్పలేదు.

కావలి (షార్లెట్):
తమ్ముడూ, రిపేరుకు ఇప్పుడే సంతకం పెట్టబాక. డబ్బు కట్టేశాక రాబట్టుకోవడం చాలా కష్టం. వారంటీ కాస్త దాటిన బండికి కంపెనీలు ఒక్కోసారి ‘గుడ్‌విల్’ కింద ఖర్చులో కొంత భరిస్తాయి. అది హక్కు కాదు, అడిగితేనే వచ్చేది. ముందు డీలర్ దగ్గర సర్వీస్ మేనేజర్‌ను అడుగు, కాదంటే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కేస్ నంబర్ తీసుకో. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్ కొట్టి, ఈ గేర్‌బాక్స్ లోపానికి రీకాల్ (కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయడం) ఉందేమో చూడు. ఉంటే వారంటీతో పని లేదు, ఉచితంగా చేయాల్సిందే.

ఒంగోలు (కొలంబస్):
నాకు జరిగింది చెప్తా. 57 వేల దగ్గర బండి కుదుపుతోందని డీలర్ దగ్గరికి పోయాను. వాళ్ళు ఒక రౌండు తిప్పి, మాకేం కనపడలేదని కాగితం మీద రాసి పంపించారు. ఆ కాగితం ఎక్కడో పడేశాను. 61 వేలకు గేర్‌బాక్స్ పూర్తిగా పోయింది. అదే కౌంటర్లో, అదే మనిషి, ‘మీరెప్పుడూ కంప్లయింట్ చేయలేదే’ అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మూడు రాత్రులు ఇల్లంతా వెతికితే పిల్లల పుస్తకాల మధ్య దొరికింది ఆ రిపేర్ ఆర్డర్. తేదీ, మైళ్ళు, నా కంప్లయింట్ అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని స్కాన్ చేసి కంపెనీకి పంపి, వారానికి రెండుసార్లు ఫోన్ చేశాను. అయిదో వారం పార్టుల ఖర్చు వాళ్ళు పెట్టుకున్నారు, లేబర్ నేను కట్టాను. వారంటీ ఉండగానే కంప్లయింట్ చేశామని చూపించే కాగితమే మన బలం. పాత ఓనరును అడుగు, ఇలాంటిది ఉందేమో.

బుచ్చి (ఎడిసన్):
ఆయిల్ బయట మార్పించి ఉంటే మాత్రం ఏమీ రాదు. వారంటీ పోయినట్టే.

కావలి (షార్లెట్):
అట్టా చెప్పి పిల్లోణ్ణి భయపెట్టొద్దన్నా. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఉంది. బయట ఆయిల్ మార్పించినంత మాత్రాన వారంటీ పోదు.

బుచ్చి (ఎడిసన్):
చట్టం వారంటీకి. వాడు అడగబోయేది వారంటీ కాదుగా, గుడ్‌విల్. అక్కడ డీలర్ దగ్గర సర్వీస్ చేయించిన కస్టమరుకే విలువ. నా అనుభవం ఇది.

కావలి (షార్లెట్):
ఆ మాట ఒప్పుకుంటా. అందుకే ఎక్కడ చేయించినా బిల్లులు దాచాలి.

పొదిలి (ఫీనిక్స్):
తమ్ముడూ, పాత ఓనరు సర్వీస్ కాంట్రాక్ట్ (రిపేర్ల కోసం విడిగా డబ్బు కట్టి కొనుక్కునే ఒప్పందం) కొని ఉన్నాడేమో కూడా అడుగు. కొన్నింటిని కొత్త ఓనరు పేరు మీదకు మార్చుకోవచ్చు. ఇంకో మాట, కొన్ని కంపెనీల పదేళ్ళ వారంటీ మొదటి ఓనరుకే. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు అందరూ ఇది చూసుకోండి.

ఉదయగిరి (డల్లాస్):
సంతకం పెట్టలేదన్నా. పాత ఓనరు బిల్లులు వెతికి పంపిస్తానన్నాడు. కస్టమర్ కేర్‌తో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడాలంటేనే భయంగా ఉంది.

ఒంగోలు (కొలంబస్):
రేపు పొద్దున తొమ్మిదికి నాకు ఫోన్ చెయ్యి. ముగ్గురం ఒకే లైన్లో మాట్లాడదాం.