తుంటి విరిగిన అమ్మకు రాడ్డా, ప్లేటా, బంతి మార్పిడా?

ప్రశ్న (చండూరు దగ్గరి పల్లె నుంచి):
మా అమ్మకు 74 ఏళ్లు. నిన్న తెల్లవారుజామున వాకిట్లో సానుపు చల్లుతూ జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. నల్లగొండలో ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు ఇది ఇంటర్‌ట్రోకాంటరిక్ ఫ్రాక్చర్ అని, తొడ ఎముక లోపల రాడ్ వేయాలని చెప్పారు. మరొకరు ప్లేటు సరిపోతుందన్నారు. మా మేనత్తకు తొడ ఎముక పైకొనన ఉండే బంతిని మార్చగా మూడో రోజే వాకర్‌తో నడిచింది గనుక అదే చేయించాలని మా అన్న పట్టుబడుతున్నాడు. స్టీలా, టైటానియమా అన్నది ఇంకో తికమక. దేన్ని బట్టి తేల్చుకోవాలి?

జవాబు (ఎముకల వైద్యుడు, మహబూబ్‌నగర్):
మీ మేనత్తగారికి బహుశా తొడ ఎముక మెడ విరిగి ఉంటుంది. అక్కడ విరిగి పక్కకు జరిగితే బంతికి రక్తం అందించే సన్నని నాళాలు తెగి బంతి చచ్చుబడే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పెద్ద వయసువారికి దాన్నే మారుస్తాము. అమ్మగారికి విరిగింది మెడకు దిగువన, ఇంటర్‌ట్రోకాంటరిక్ అంటే అదే. అక్కడ రక్తప్రసరణ బాగుంటుంది, ఎముక అతుకుతుంది, సాధారణంగా సొంత బంతిని తీయనక్కరలేదు.

ఎముక రెండే ముక్కలై, బయటి గోడ గట్టిగా ఉంటే జారే స్క్రూతో ఉండే ప్లేటు, అంటే డీహెచ్ఎస్, చక్కగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువ. లోపలి వైపు పెద్ద ముక్క ఊడినా, బయటి గోడ పలచబడినా, విరిగిన గీత మామూలుగా ఉండే దిశకు ఎదురు వాలులో ఉన్నా రాడ్ మేలు. లోహం గురించి ఎక్కువ ఆలోచించకండి, రెండూ బరువు మోస్తాయి. స్క్రూ కొన బంతిలో ఎక్కడ ఆగిందన్నదే అసలు సంగతి: ముందు నుంచి, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలలో కొనకూ బంతి శిఖరానికీ ఉన్న దూరాల మొత్తం 25 మిల్లీమీటర్లు దాటితే స్క్రూ బంతిని చీల్చుకొని బయటికి వచ్చే అవకాశం పెరుగుతుంది.

చండూరు అన్నారు కాబట్టి అడుగుతున్నాను, అమ్మగారు బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారు? నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. ఎముక లోపలి గొట్టం ఇరుకైతే రాడ్ దిగదు, బలవంతంగా దించితే ఎముక చీలుతుంది. మోకాలి దాకా ఎక్స్‌రే తీయించి గొట్టం వెడల్పు కొలవమనండి. వెన్ను బిగుసుకుపోయి ఉంటే నడుములో మత్తుసూది ఇవ్వడమూ కష్టమే. మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఆపరేషన్‌ను మాత్రం ఒకటి రెండు రోజులకు మించి వాయిదా వేయకండి.

జవాబు (మునుగోడు నుంచి):
మా నాన్నకు అచ్చం ఇదే జరిగింది. ఒక ఆసుపత్రిలో రాడ్ సగంలో ఇరుక్కుంది, ప్లేటు సెట్టు సిద్ధంగా లేదు, హైదరాబాదు నుంచి తెప్పించేదాకా అందరం బయట కూర్చున్నాము. రెండూ దగ్గర ఉంచుకుంటారా అని ముందే అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, ఇంప్లాంట్ ఖర్చు ప్యాకేజీలోకే వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రతో తేల్చుకున్నాకే సంతకం చేయండి.

ప్రశ్న అడిగినవారు:
డాక్టరుగారూ, మిషన్ భగీరథ నీళ్లు వచ్చేదాకా అమ్మ తాగింది బోరు నీళ్లే. నడుము వంగక పదేళ్లవుతోంది. అది వయసు వల్లేననుకున్నాము. మోకాలి దాకా ఎక్స్‌రే ఈ పూటే తీయిస్తాను.